మేనకోడలి పెళ్లి, రాత్రి ముహూర్తం: పెళ్లికూతురి ఫోటోలు ఎలా తీయాలి?

కావలి మేనమామ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అక్క కూతురి పెళ్లి రాబోయే కార్తీకంలో కావలిలో జరగనుంది. ముహూర్తం రాత్రి 2 గంటల 36 నిమిషాలకు పెట్టారు. ఆల్బమ్, వీడియో తీయడానికి స్టూడియో వారిని మా బావగారు ముందే మాట్లాడారు. అయితే చిన్నప్పటి నుంచి తన ఫోటోలు తీస్తున్నది నేనే కాబట్టి, పెళ్లికూతురిగా కూడా తనను నేనే తీయాలని మా మేనకోడలు పట్టుబట్టింది. కాదనలేక ఒప్పుకున్నాను కాని అప్పటి నుంచి గుండెల్లో రాయి పడింది. సెలవుల్లో నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి గూడబాతుల ఫోటోలు తీసుకునేవాణ్ణి నేను. గూడబాతు ఈ రోజు సరిగా కుదరకపోతే వచ్చే ఆదివారం మళ్లీ దొరుకుతుంది, పెళ్లి అలా కాదు కదా.

నా దగ్గర ఏపీఎస్-సీ అనే చిన్నరకం సెన్సారు ఉన్న కెమెరా ఒకటి, దానితో వచ్చిన 18-55 ఎంఎం లెన్సు, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, పక్షుల కోసం కొన్న 70-300 లెన్సు, ఒక ఫ్లాష్ ఉన్నాయి. రాత్రిపూట కల్యాణ మండపంలోని రంగు దీపాల కింద ముఖం సహజంగా రావాలంటే ఏం చేయాలి? ఫ్లాష్ వాడాలా, వద్దా? ఏ ఘట్టంలో ఎక్కడ నిలబడాలి? స్టూడియో వారికి అడ్డం పడకుండా ఎలా మసలుకోవాలి? కార్తీకంలో మన వైపు వానలు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే, దానికేమైనా జాగ్రత్త ఉంటే అదీ చెప్పగలరు.

నెల్లూరు పాత స్టూడియో:

రీలుకు 36 ఫోటోలు లెక్కపెట్టుకుంటూ పెళ్లిళ్లు తీసిన రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. మీ దగ్గర ఉన్న సామాను చాలు, కొత్తగా ఏదీ కొనకండి. పెళ్లికి ముందు అదే మండపంలో మరొకరి పెళ్లి జరుగుతున్న రాత్రి ఒకసారి వెళ్లి అరగంట నిలబడి రండి. పగలు వెళ్లి చూస్తే ఏమీ తెలియదు. పైకప్పు ఎంత ఎత్తున ఉంది, దాని రంగేమిటి, వేదిక వెనుక ఎల్ఈడీ తెర ఉందా, పూల అలంకరణే ఉందా అన్నవి చూసుకోండి. తెల్లని కప్పు అందే ఎత్తులో ఉంటే ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టవచ్చు. కప్పు మరీ ఎత్తయినా, ఎర్రని షామియానా గుడ్డ కట్టినా ఆ పని చేయకండి. గుడ్డకు తగిలి వచ్చిన వెలుగు ఆ రంగునే తెచ్చి పెళ్లికూతురి ముఖానికి పులుముతుంది.

రంగు దీపాల సంగతి చెబుతాను. వేదికకు రెండు పక్కల నిలబెట్టే ఊదా, నీలం రంగుల పార్ లైట్లు (గుండ్రని వేదిక దీపాలు) ముఖం మీద పడితే, పసుపు రాసిన చర్మం బూడిద రంగుకు తిరుగుతుంది. రా ఫైలులో, అంటే కెమెరా దిద్దకుండా దాచే ఫైలులో తీసినా దాన్ని తర్వాత సరిచేయడం దాదాపు కుదరదు. దీనికి కెమెరాలో మందు లేదు, లైటింగ్ కుర్రవాడి దగ్గరే ఉంది. మేనేజరుతో కాక నేరుగా ఆ కుర్రవాడితో, టీ తాగే వేళ మంచిగా మాట్లాడండి. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ముందువైపు దీపాలను పసుపు ఛాయ తెలుపులో ఉంచమని, ఎల్ఈడీ తెర మీద కదిలే బొమ్మలు ఆపి వెలుగు తగ్గించమని అడగండి. ఇంతవరకు కాదన్నవారిని నేను చూడలేదు. అడిగేవారే లేరు.

మరొక చిక్కు ఎల్ఈడీ దీపాల మిణుకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చౌక దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు కాని షటర్ వేగం సెకనులో 1/250, 1/500 వంతుకు వెళ్లగానే ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. 1/100 గాని 1/50 గాని పెట్టుకుంటే చాలావరకు పోతాయి. జనరేటర్ మీద నడిచేటప్పుడు లెక్క కొంచెం తప్పవచ్చు, అందుకని కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఒక ఫోటో తీసి, పెద్దది చేసి చూసుకోండి. తెలుపును తెల్లగా చూపించే అమరిక, వైట్ బ్యాలెన్స్‌ను ఆటోకు వదలకండి. చుట్టూ పసుపు, బంతిపూలు, బంగారం ఉన్నచోట ఆటో అనేది పసుపునే తప్పుగా లెక్కగట్టి తీసివేయాలని చూస్తుంది. వేదిక మీద తెల్లకాగితం పెట్టి ఒకసారి కొలిచి, అక్కడే స్థిరంగా ఉంచండి.

ఇక పెళ్లికూతురి విషయానికి వస్తే, నా అనుభవంలో ఆమె మంచి ఫోటోలు వేదిక మీద దొరకవు. గౌరీపూజ దగ్గర దొరుకుతాయి. ఎదురుకోలు సన్నాయి వినబడగానే కెమెరాలన్నీ పెళ్లికొడుకు వైపు పరుగెడతాయి. ఆ సమయంలో పెళ్లికూతురు లోపలి గదిలో, గౌరీదేవి ముందు, ఇద్దరు ముత్తైదువుల తోడుతో నిశ్శబ్దంగా కూర్చొని ఉంటుంది. బాసికం, బుగ్గన చుక్క, పూలజడ, పాదాల పారాణి అన్నీ అప్పుడే కొత్తగా ఉంటాయి, చెమట పట్టదు, పలకరించేవారు ఉండరు, ఆమె ఎవరికోసమూ నవ్వనక్కరలేదు. స్టూడియో వారిని ఎదురుకోలుకు పోనిచ్చి మీరు అక్కడే ఉండండి.

ఆ గదిని ముందురోజే చూసి పీట ఎక్కడ వేయాలో మీ అక్కగారితో చెప్పండి. సరిగ్గా నెత్తిమీద ట్యూబ్‌లైటు ఉంటే కళ్ల కింద గుంటలు పడతాయి, దాన్ని ఆర్పి పక్కగోడ మీద ఉన్నదాన్ని వెలిగించండి. దీపారాధన వెలుగు కింది నుంచి వస్తుంది కాబట్టి అదొక్కటే ఉంటే గడ్డం, ముక్కు తేలి ముఖం వింతగా కనిపిస్తుంది. చిన్న ఎల్ఈడీ పలకను ఆమె వైపు కాక, పక్కన ఆరవేసినట్టు కట్టిన తెల్ల పంచె మీదికి తిప్పండి. పంచె నుంచి తిరిగి వచ్చే మెత్తని వెలుగు చాలు. మీ 50 ఎంఎం లెన్సు ఈ కెమెరా మీద 75 ఎంఎం లాగా పనిచేస్తుంది, ముఖానికి అది చక్కని లెన్సు. లెన్సు రంధ్రం ఎఫ్ 2, షటర్ 1/100, సెన్సారు వెలుగును పట్టే ఐఎస్ఓ 3200 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. ఫ్లాష్ అసలు వద్దు. మీరు కూడా పీటకు సమానంగా నేలమీద కూర్చొని తీయండి, నిలబడి తీస్తే పాపిటబిళ్ళ తప్ప కళ్లు కనబడవు.

18-55 లెన్సును 18 దగ్గర పెట్టి ముఖాలు తీయకండి, అంచున ఉన్నవారు సాగిపోయి బొద్దుగా కనిపిస్తారు, తర్వాత మాట పడేది మీరే. ఎర్రని పట్టుచీర ఉన్నప్పుడు వెలుగును కొంచెం తగ్గించి తీస్తే జరీ అంచు, నేత కనబడతాయి, లేకపోతే అంతా ఎర్రని ముద్ద. మధుపర్కాలు కట్టుకున్నాక ఇది తిరగబడుతుంది. తెల్ల బట్టను చూసి కెమెరా మొత్తాన్ని మసకబారుస్తుంది, అప్పుడు వెలుగును అర స్టాప్ నుంచి ఒక స్టాప్ (రెండింతలు) దాకా పెంచాలి.

వాన గురించి అడిగారు. తడవకుండా ప్లాస్టిక్ కవరు ఎలాగూ పెట్టుకుంటారు, అసలు ఇబ్బంది ఏసీ గది. అలంకరణ గదిలో గంటసేపు చల్లబడిన లెన్సును కార్తీకపు తేమలోకి తీసుకురాగానే ఆవిరి పట్టి పదిహేను నిమిషాల దాకా ఏమీ కనబడదు. తుడిచినా మళ్లీ పడుతుంది. పెళ్లికూతురు గదిలోంచి బయటకు అడుగుపెట్టే ఘట్టాన్ని నేను ఒకసారి ఇలాగే పూర్తిగా పోగొట్టుకున్నాను. ఏసీ గదిలో తీయవలసినవి తీసేశాక, పెళ్లికూతురు బయలుదేరడానికి ఇరవై నిమిషాల ముందే కెమెరాను సంచిలో పెట్టి జిప్పు వేసి వరండాలో ఉంచండి.

వీడియో తీసేవాణ్ణి:

స్టూడియో తరఫున ఒక్క మాట. పెళ్లికి ముందే మాకు ఫోన్ చేసి "నేను పెళ్లికూతురి మేనమామను, నేను కూడా తీస్తాను" అని చెప్పండి. చెప్పకుండా వచ్చి ముందు నిలబడేవారితోనే మాకు గొడవ. ముహూర్తం వేళ ఫ్లాష్ మానండి. మీ ఫ్లాష్ మెరిసిన ప్రతిసారీ మా వీడియోలో సగం తెర తెల్లబడుతుంది, దాన్ని తీసివేయడం మాకు పెద్ద పని. మా వీడియో లైటు వెలుగు మీకు ఉచితమే కాబట్టి, మా వెనుక కాక మాకు కొంచెం పక్కగా నిలబడి తీయండి. అప్పుడు ఆ వెలుగు ఆమె ముఖం మీద ఏటవాలుగా పడి, సూటిగా పడినదానికంటే బాగుంటుంది.

ఒంగోలు కోడలు:

ఇంతవరకు అందరూ కెమెరా వైపు నుంచి చెప్పారు. నేను పీటల మీద కూర్చున్న వైపు నుంచి చెబుతాను. నా పెళ్లి రెండేళ్ల క్రితం, అదీ రాత్రి ముహూర్తమే. ఆ రోజు నాకు గుర్తున్నది ఆకలి, వడ్డాణం ఒత్తిడి, "ఇటు చూడండమ్మా, కొంచెం నవ్వండమ్మా" అనే మాట. ఉదయం నుంచి ఉపవాసం, పూలజడ బరువుకు మెడ పట్టేసింది, మంచినీళ్లు అడగాలంటే మొహమాటం. మీరు మేనమామ కాబట్టి మీకు ఆ చనువుంది. కెమెరా సంచిలో ఒక నీళ్లసీసా, తాగే గొట్టం (స్ట్రా) పెట్టుకోండి. గొట్టంతో తాగితే పెదవుల రంగు చెదరదు. నీళ్లు తాగి ఊపిరి పీల్చుకున్న ఆ నిమిషంలో ఆమె ముఖం ఎలా మారుతుందో చూడండి, అప్పుడు తీయండి.

అలంకరణ గదిలోకి మీరైనా సరే తలుపు కొట్టి, లోపల మీ అక్కగారు రమ్మన్నాకే వెళ్లండి. పైట సవరించాలన్నా, జడగంటలు ముందుకు వేయాలన్నా మీరు చేయి వేయక పక్కనున్న ఆడవారికి చెప్పండి. తీసిన ఫోటోలను ఆ రాత్రే బంధువులకు పంపకండి. నేను ఇంకా పీటల మీద ఉండగానే నా ఫోటోలు ఎవరెవరి స్టేటస్‌లలోనో తిరిగాయి. అందులో ఒకదానిలో నేను కళ్లు మూసుకొని ఆవలిస్తున్నాను.

ఇంకొక విషయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మా ఆల్బమ్‌లో అక్షింతలు వేయడానికి వచ్చి వరుసగా నిలబడిన ప్రతి అతిథితోనూ నా ఫోటో ఉంది కాని, మా నాయనమ్మతో ఒక్కటి కూడా లేదు. ఆమె మెట్లెక్కలేక కింద కుర్చీలోనే ఉండిపోయింది. ఆ స్టూడియో వారికి ఆమె ఎవరో తెలియదు, చెప్పాలని మాకు తోచలేదు. మీకు మాత్రం ఎవరెవరో తెలుసు. వేదిక ఎక్కలేని పెద్దవారి పేర్లు ఒక చీటీ మీద రాసుకొని, గౌరీపూజకు ముందు ఒక పది నిమిషాలు పెళ్లికూతురినే వారి దగ్గరకు తీసుకువెళ్లి తీయండి. స్టూడియో వారు ఎంత గొప్పవారైనా చేయలేని పని అది.

పొదిలి పంతులు:

నేను పౌరోహిత్యం చేసేవాణ్ణి. ఎక్కడ నిలబడాలని అడిగారు కాబట్టి పీటల దగ్గర నుంచి చూస్తే నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా, ముహూర్తం అంటే మాంగల్యధారణ అనుకొని ఫోటోలు తీసేవారు చాలామంది పొరపడతారు. మన తెలుగువారి పెళ్లిలో సుముహూర్త సమయానికి జరిగేది జీలకర్ర బెల్లం. 2 గంటల 36 నిమిషాలకు మీరు సిద్ధంగా ఉండవలసింది దానికే. మళ్లీ ఒకసారి పెట్టండని ఫోటో కోసం అడగడం సరికాదు, అడిగినా నేను ఒప్పుకోను. వధూవరులు తెరకు ఇటూ అటూ ఎదురెదురుగా కూర్చొని ఒకరి తలపై ఒకరు కుడిచేత్తో జీలకర్ర బెల్లం ఉంచుతారు. మీరు వధువుకు ఎడమపక్క నిలబడితే వరుడి చేయి ఆమె ముఖం మీదుగా అడ్డం వస్తుంది. కుడిపక్క నిలబడితే ఆమె చేయి వరుడి ముఖానికి అడ్డొస్తుంది కాని ఆమె ముఖం తేటగా కనబడుతుంది. మీకు కావలసింది పెళ్లికూతురే కాబట్టి కుడిపక్కనే చోటు చూసుకోండి. తెర దించిన వెంటనే ఆమె తలెత్తి చూసే చూపు ఒక్క క్షణమే ఉంటుంది.

మాంగల్యధారణకు ముందు మంగళసూత్రాలను కొబ్బరిబోండం మీద పెట్టి పెద్దలందరి చేత తాకించి తెస్తారు, దగ్గరగా తీయడానికి అదే తగిన సమయం. సూత్రం కట్టేటప్పుడు వరుడు ఎదుట నిలుస్తాడా, వెనుక నిలుస్తాడా అన్నది ఇంటింటికీ మారుతుంది కాబట్టి, మీ పురోహితుణ్ణి ముందే అడిగి ఉంచుకోండి. ఆ వేళ ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంటుంది, ఆమె చేతులు ఎటు వస్తాయో గమనించండి. తలంబ్రాలప్పుడు ఎక్కడైనా నిలబడండి, ఎవరూ ఏమీ అనుకోరు. హోమం దగ్గర మాత్రం పొగకు ఎదురుగా ఫ్లాష్ వేస్తే తెల్లని తెర కట్టినట్టు పడుతుందని ఫోటోలు తీసేవారు చెప్పగా విన్నాను.

రాత్రి ముహూర్తంలో మీకొక లాభం ఉంది. పగటి పెళ్లిళ్లలో అరుంధతీ దర్శనమంటే ఎండలో ఆకాశం వైపు వేలు చూపించి సరిపెడుతున్నాము. కార్తీకంలో తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో సప్తర్షి మండలం ఈశాన్యంలో పైకి వచ్చి ఉంటుంది, మబ్బు లేకపోతే వసిష్ఠుడి పక్కన అరుంధతి నిజంగానే కనబడుతుంది. నక్షత్రాన్ని తీయాలని చూడకండి, దాన్ని వెతుకుతున్న అమ్మాయి ముఖాన్ని తీయండి.

చివరిగా ఒక సందేహం. మీరు పెళ్లికూతురికి సొంత మేనమామ. జీలకర్ర బెల్లానికి ముందు ఆమెను గంపలో కూర్చోబెట్టి వేదిక మీదికి ఎత్తుకురావలసింది మీరే కదా? అప్పుడు కెమెరా ఎవరి చేతిలో ఉంటుంది?

కావలి మేనమామ:

పంతులుగారూ, మీరు అడిగేవరకు ఈ సంగతి నాకు తట్టనే లేదంటే నమ్మండి. షటర్ వేగం, లెన్సులు అంటూ పది రోజులుగా తలబద్దలు కొట్టుకుంటున్నాను కాని, గంప ఎత్తేది నేనేనని మరచిపోయాను. ఇప్పుడు మా ఆవిడ నవ్వుతూనే ఉంది. మా పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఫోన్‌తో బాగానే తీస్తుంది కాని ఈ కెమెరా ఎప్పుడూ పట్టలేదు. ఆ పది నిమిషాలకు దానికి అప్పగిస్తే పర్వాలేదా, లేక ఆ ఘట్టాన్ని స్టూడియో వారికే వదలడం మంచిదా?

ఒంగోలు కోడలు గారూ, మా అమ్మ కూడా మోకాళ్ల నొప్పులతో వేదిక ఎక్కే స్థితిలో లేదు. చీటీలో మొదటి పేరు ఆమెదే రాశాను.

నెల్లూరు పాత స్టూడియో:

మీ అమ్మాయికే ఇవ్వండి. గంపలో వస్తున్న పెళ్లికూతురిని స్టూడియో వారు ఎదుటి నుంచి ఎలాగూ తీస్తారు. మీ అమ్మాయిని పక్క నుంచి, మీ ముఖం, మేనకోడలి ముఖం రెండూ పడేలా తీయమనండి. గంప బరువుకు మీ ముఖంలో కనబడేదీ, పైన కొబ్బరిబోండం పట్టుకొని పడిపోతానేమో అన్నట్టు ఆ పిల్ల చూసేదీ ఒకే ఫోటోలో రావాలి. దానికి 18-55 లెన్సు తగిలించి 35 దగ్గర ఉంచండి. మాన్యువల్ మోడ్‌లో షటర్ 1/100, ఎపర్చర్ (లెన్సు రంధ్రం) తెరుచుకున్నంత తెరిచి, ఐఎస్ఓ ఒక్కటీ ఆటోకు వదిలి, 6400 మించకుండా హద్దు పెట్టండి. వరుసగా తీసే మీట నొక్కి పట్టుకోమనండి, ఇరవై తీస్తే కుదురుగా ఉన్నవి రెండు వస్తాయి. గంపతో నడిచేటప్పుడు మీరు మాత్రం తొందరపడకండి, వేదిక మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగండి. పోయిన వారమే మీ అమ్మాయికి కెమెరా ఇచ్చి ఉండవలసింది. ఈ రోజు నుంచైనా రోజూ సాయంత్రం ట్యూబ్‌లైటు కింద ఇంట్లోవారిని తీయమనండి.

నేను మొదట రాసినప్పుడు అప్పగింతల సంగతి చెప్పలేదు. మీ ముహూర్తం ప్రకారం చూస్తే అవి తెల్లవారే వేళకు వస్తాయి. రాత్రంతా దీపాల కింద గడిచాక ఆమె ముఖం మీద పడే మొదటి సహజమైన వెలుగు అదే. అక్కగారితో చెప్పి అప్పగింతలు మండపం లోపల కాక, తూర్పు వైపు తెరుచుకున్న వరండాలో జరిగేలా చూడండి. వాన పట్టినా మబ్బు వెలుగు మెత్తగానే ఉంటుంది. అక్కడ 70-300 వాడి దూరంగా నిలబడండి, ఏడుస్తున్న మనిషి ముఖంలో కెమెరా పెట్టడం నాకు ఎన్నడూ నచ్చలేదు. వాళ్లమ్మ భుజం మీద ఆమె చేతి గోరింటాకు కనబడితే ముఖం లేకపోయినా ఫర్వాలేదు.

తీరిగ్గా ఇద్దరినీ తీయాలనిపిస్తే మరొక రోజు తుమ్మలపెంట సముద్రానికి తీసుకువెళ్లండి. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కాబట్టి, ఉదయం సముద్రాన్ని వెనుక ఉంచి తీస్తే ముఖాలు నల్లబడతాయి. సాయంత్రం నాలుగు దాటాక వెళితే ఎండ పడమటి నుంచి నేరుగా ముఖాల మీద పడుతుంది. పట్టుచీర మాత్రం వద్దు, ఉప్పుగాలికి జరీ నల్లబడిందని ఇంటికి వచ్చాక మీ అక్కగారు మిమ్మల్నే అంటారు. వెంకటగిరి నూలు చీర ఏదైనా ఉంటే కట్టుకోమనండి.

కావలి మేనమామ:

అందరికీ ధన్యవాదాలు. ఈ సాయంత్రమే అమ్మాయికి కెమెరా ఇచ్చాను. వాళ్ల నాయనమ్మను పన్నెండు ఫోటోలు తీసింది, పదింటిలో తల తెగిపోయింది. మిగిలిన రెండూ బాగున్నాయి. శుక్రవారం రాత్రి అదే మండపంలో తెలిసినవారి పెళ్లి ఉంది, లైటింగ్ కుర్రవాణ్ణి అక్కడే పట్టుకుంటాను.